విజయనగరం టికెట్టు, మూడు వందల కిలోమీటర్ల ఛార్జీ

విజయనగరం నుంచి విశాఖపట్నం పట్టాల మీద 61 కిలోమీటర్లు. ఈ దూరానికి ఎవరైనా థర్డ్ ఏసీ బెర్త్ బుక్ చేసుకుంటే రైల్వే 300 కిలోమీటర్ల ఛార్జీ వేస్తుంది. స్లీపర్ అయితే 200 కిలోమీటర్లకు. ఇందులో పొరపాటేమీ లేదు. ఒక్కో తరగతికి ఒక్కో కనీస దూరం ఉంది, అంతకన్నా తక్కువ ప్రయాణించినా ఆ కనీస దూరానికి డబ్బు కట్టాల్సిందే. స్లీపర్‌కి 200, థర్డ్ ఏసీకి 300, ఏసీ చైర్‌కార్‌కి 150, ఎక్స్‌ప్రెస్ జనరల్ బోగీకి 50, ప్యాసింజర్ బండికి 10 కిలోమీటర్లు.

ఈ అంకెల పక్కన ఉత్తరాంధ్ర మ్యాపు పెట్టి చూస్తే ఒక విషయం తెలిసిపోతుంది. విశాఖకు విజయనగరం 61, ఆముదాలవలసలో ఉన్న శ్రీకాకుళం రోడ్ స్టేషన్ సుమారు 130, పలాస సుమారు 200 కిలోమీటర్లు. అంటే ఈ రెండు జిల్లాల్లో ఎక్కువ భాగం స్లీపర్ కనీస దూరం లోపలే ఉంది. అందుకే ఒకే రకం రైల్లో విశాఖకు స్లీపర్ టికెట్ తీస్తే విజయనగరం వాళ్ళకూ, ఆముదాలవలసలో ఎక్కేవాళ్ళకూ పడే ఛార్జీ ఒక్కటే. పలాసలో ఎక్కినా అంతే, మహా అయితే ఒక నోటు తేడా. ఒకరు ఎక్కిన గంటలో దిగిపోతారు, ఇంకొకరు మూడు గంటలకు పైగా కూర్చుంటారు.

రైలు ఛార్జీ దూరాన్ని బట్టి ఉంటుందని అందరికీ తెలుసు. ఎలా ఉంటుందన్నది చాలామంది పట్టించుకోరు. దూరం రెట్టింపైతే ఛార్జీ రెట్టింపు కాదు. దూరం పెరిగేకొద్దీ కిలోమీటరు ధర తగ్గుతూ పోతుంది. దగ్గరి ప్రయాణానికి కిలోమీటరు ఖరీదు, దూర ప్రయాణానికి చవక. శ్రీకాకుళం, విజయనగరం వాళ్ళకు ఈ రెండు అనుభవాలూ ఎక్కువే. పనిబడితే వెళ్ళేది విశాఖకు, బతుకుతెరువుకు వెళ్ళేది హైదరాబాద్, చెన్నై, గుజరాత్‌లకు.

ముందు టికెట్‌లో ఏముందో విడదీసి చూడాలి. మనం కట్టే మొత్తంలో దూరాన్ని బట్టి మారేది బేసిక్ ఛార్జీ ఒక్కటే. ఏసీ తరగతుల్లో దానికి తోడు 5 శాతం జీఎస్టీ ఉంటుంది. మిగతావి దూరంతో పనిలేకుండా పడేవి. స్లీపర్‌కి రిజర్వేషన్ 20 రూపాయలు, సూపర్‌ఫాస్ట్ అయితే ఇంకో 30. థర్డ్ ఏసీకి 40, 45. సెకండ్ ఏసీకి 50, 45. విశాఖలో దిగినా హౌరాలో దిగినా ఇవి మారవు.

సూపర్‌ఫాస్ట్ స్లీపర్‌లో ఈ స్థిరమైన ఛార్జీలు కలిపి 50 రూపాయలు. విజయనగరం నుంచి విశాఖకు వెళ్ళేవాళ్ళకు ఇది ఒక్కటే కిలోమీటరుకు 82 పైసలు పడుతుంది. అదే 50 రూపాయలను శ్రీకాకుళం రోడ్ నుంచి సికింద్రాబాద్ వరకు, అంటే కాజీపేట మీదుగా దాదాపు 830 కిలోమీటర్లకు, సర్దితే 6 పైసలు. రెండు వేల కిలోమీటర్లకైతే రెండున్నర పైసలు.

ఇప్పుడు బేసిక్ ఛార్జీ కలుపుదాం. ఎక్స్‌ప్రెస్ స్లీపర్‌లో 200 కిలోమీటర్ల కనీస ఛార్జీ సుమారు 130 రూపాయలు. సూపర్‌ఫాస్ట్‌లో మొత్తం 180 దగ్గర తేలుతుంది. దాన్ని నిజంగా ప్రయాణించిన దూరంతో భాగిస్తే విజయనగరం ప్రయాణికులకు కిలోమీటరుకు దాదాపు 2 రూపాయల 95 పైసలు, శ్రీకాకుళం రోడ్ వాళ్ళకు 1 రూపాయి 38 పైసలు, పలాస వాళ్ళకు 90 పైసలు. సికింద్రాబాద్ వెళ్ళేవాళ్ళకు 60 పైసల దరిదాపుల్లో పడుతుంది. రెండు వేల కిలోమీటర్లు దాటి వెళ్ళేవాళ్ళకు 40 పైసలు. ఒకే బోగీలో, ఎదురెదురు బెర్తుల మీద కూర్చున్న ఇద్దరిలో ఒకరు మరొకరికన్నా ఏడు రెట్ల ధర కడుతూ ఉండొచ్చు.

ఆ 1 రూపాయి 38 పైసలు యాదృచ్ఛికంగా ఇంకో చోట కూడా కనిపిస్తుంది. ఒక ప్రయాణికుణ్ణి కిలోమీటరు దూరం తీసుకెళ్ళడానికి రైల్వేకి 1.38 రూపాయలు ఖర్చవుతోందని, వసూలు చేస్తున్నది 73 పైసలేనని రైల్వే మంత్రి 2025 మార్చిలో పార్లమెంటులో చెప్పారు. టికెట్ల మీద కూడా సగటున ఖర్చులో 57 శాతమే రాబడుతున్నామని చాన్నాళ్ళు అచ్చు వేశారు. ఆ లెక్కన ఆముదాలవలసలో స్లీపర్ ఎక్కి విశాఖలో దిగేవాళ్ళు రాయితీ ఏమీ తీసుకోవడం లేదు, పూర్తి ఖర్చు కట్టేస్తున్నారు. విజయనగరం వాళ్ళు దానికి రెట్టింపు పైనే కడుతున్నారు. మంత్రి చెప్పింది అన్ని తరగతుల సగటు కాబట్టి దాన్ని స్లీపర్ ఒక్కదానికి అంటగట్టడం శాస్త్రీయం కాదు. అయినా రైలు టికెట్ అంటే ఎవరికైనా ఒకేలా రాయితీ అనుకోవడం కూడా నిజం కాదని అర్థమవుతుంది.

దూరం పెరిగితే ధర ఎందుకు తగ్గాలి? రైల్వే వైపు నుంచి దీనికి గట్టి కారణమే ఉంది. టికెట్ ఇవ్వడం, చార్ట్ వేయడం, బోగీ కడగడం, నీళ్ళు పట్టడం, స్టేషన్ నడపడం లాంటి ఖర్చులు ప్రయాణికులు ఎంత దూరం వెళ్ళినా దాదాపు ఒకేలా ఉంటాయి. వాటిని ఎక్కువ కిలోమీటర్లకు పంచితే ఒక్కో కిలోమీటరు మీద భారం తగ్గుతుంది. పైగా బెర్త్ ఇచ్చే బోగీలో ఒక సీటును 61 కిలోమీటర్లకు అమ్మేస్తే ముందున్న దూరానికి అది ఖాళీగా పోయే అవకాశం ఉంది. కనీస దూరం పెట్టడం వెనక ఉద్దేశం దగ్గరివాళ్ళను రిజర్వేషన్ బోగీల జోలికి రానీయకపోవడమే. దగ్గరి ప్రయాణానికి ప్యాసింజర్, జనరల్ బోగీ ఉన్నాయి కదా అన్నది వాదన. జనరల్ బోగీలో నిలబడే చోటు దొరికినప్పుడు ఆ వాదన బాగానే ఉంటుంది.

ఈ పద్ధతి వల్ల నిజంగా లాభపడేది వలస వెళ్ళేవాళ్ళు. శ్రీకాకుళం తీరం నుంచి ఎన్నో మత్స్యకార కుటుంబాలు వేట పనికి గుజరాత్‌లోని వెరావల్ వెళ్తాయి. ఎటు నుంచి వెళ్ళినా రెండు వేల కిలోమీటర్లు దాటుతుంది. పూరీ నుంచి అహ్మదాబాద్ వైపు వెళ్ళే బండ్లు పలాస, విజయనగరం మీదుగా వచ్చి రాయగడ దారి పట్టి రాయ్‌పూర్, నాగ్‌పూర్ దాటి పోతాయి. అంత దూరం వెళ్ళేవాళ్ళకు కూడా విశాఖ వెళ్ళేవాళ్ళ కిలోమీటరు రేటే వేస్తే, వేట సీజన్‌కి రానూపోనూ ఛార్జీలకే అడ్వాన్సులో మంచి ముక్క కరిగిపోతుంది. హైదరాబాద్‌లో భవన నిర్మాణ పనులకు వెళ్ళే కూలీల సంగతీ ఇంతే.

బెర్తుల సంగతి పక్కన పెట్టి రోజువారీ ప్రయాణాలకు వస్తే బొమ్మ వేరు. ఇక్కడ అసలు తేడా ఎక్కే బండి బట్టి వస్తుంది. చీపురుపల్లి నుంచి విజయనగరం సుమారు 30 కిలోమీటర్లు. ప్యాసింజర్ బండిలో 10 రూపాయలు. అదే స్టేషన్‌లో ఆగిన ఎక్స్‌ప్రెస్ జనరల్ బోగీ ఎక్కితే 50 కిలోమీటర్ల కనీస ఛార్జీ 30 రూపాయలు. సూపర్‌ఫాస్ట్ అయితే ఇంకో 15 కలిపి 45. ఒకే పట్టాలు, అదే ప్లాట్‌ఫాం, నాలుగున్నర రెట్ల తేడా. పైగా పది రూపాయల ప్యాసింజర్ టికెట్‌తో ఎక్స్‌ప్రెస్ ఎక్కితే టీసీ దగ్గర పడే జరిమానా మామూలుగా ఉండదు.

ఈ పది రూపాయలు కూడా మధ్యలో మాయమయ్యాయి. 2020లో కోవిడ్‌కి ఆగిన ప్యాసింజర్ బండ్లు మళ్ళీ మొదలైనప్పుడు ఎక్స్‌ప్రెస్ స్పెషల్ పేరుతో నడిచాయి. ప్రతి చిన్న స్టేషన్‌లో ఆగుతూనే ఎక్స్‌ప్రెస్ ఛార్జీ తీసుకున్నాయి. కనీస ఛార్జీ 10 నుంచి 30 అయింది. 2024 ఫిబ్రవరి చివర్లో గానీ పాత పది రూపాయలు తిరిగి రాలేదు. రేటు పట్టికలో ఒక్క అంకె మార్చకుండా, బండి పేరు మార్చి ఛార్జీ మూడింతలు చేయొచ్చని ఆ నాలుగేళ్ళు చూపించాయి. దూరాలకు వెళ్ళేవాళ్ళకు దీని సెగ తగల్లేదు. పొందూరు, చీపురుపల్లి, గరివిడి, కోరుకొండ లాంటి చోట్ల ఎక్కి దిగే కూరగాయల వాళ్ళు, కాలేజీ పిల్లలు మోశారు. 2020 మార్చిలో ఆపేసిన సీనియర్ సిటిజన్ రాయితీ ఇప్పటికీ రాలేదు. దాన్ని గురించి మాట్లాడేవాళ్ళు ఇంకా ఉన్నారు, ఈ ముప్పై రూపాయల కాలాన్ని మాత్రం అందరూ మర్చిపోయారు.

రోజూ తిరిగేవాళ్ళకు దేశంలో ఇంతకన్నా చవకైనది లేదనిపించేది సీజన్ టికెట్. సెకండ్ క్లాస్ నెల పాసు ధర సుమారు 15 ఒక వైపు ప్రయాణాల ఛార్జీతో సమానం. నెలకు 25 రోజులు పోయి వస్తే 50 ప్రయాణాలు. అంటే కట్టేది అసలులో మూడో వంతు కన్నా తక్కువ. మూడు నెలల పాసు నెల పాసుకు 2.7 రెట్లే. ఏడాది పాసు 10.8 రెట్లు. అయితే సీజన్ టికెట్ 150 కిలోమీటర్ల లోపే ఇస్తారు. విశాఖ నుంచి లెక్కపెడితే ఆ గీత తిలారు దరిదాపుల్లో పడుతుంది. ఆముదాలవలసలో ఉంటూ విశాఖలో ఉద్యోగం చేయడం కష్టమే గానీ టికెట్ దగ్గర ఇబ్బంది లేదు. నౌపడ, పలాస వాళ్ళకు ఆ దారి మూసుకుపోయింది.

2025లో ఛార్జీలు రెండుసార్లు పెరిగాయి. జులై 1న ఎక్స్‌ప్రెస్‌లలో నాన్ ఏసీకి కిలోమీటరుకు 1 పైసా, ఏసీకి 2 పైసలు. డిసెంబర్ 26 నుంచి రెండింటికీ మరో 2 పైసలు. ప్యాసింజర్ సెకండ్ క్లాస్‌కి జులైలో 500 కిలోమీటర్ల వరకు, డిసెంబర్‌లో 215 కిలోమీటర్ల వరకు పెంపు లేదు. ఆ 215 ఈ ప్రాంతానికి బాగా కలిసొచ్చింది. పలాస నుంచి విశాఖ వరకు ప్యాసింజర్ ప్రయాణం మొత్తం దాని లోపలే ఉంది. ఇచ్ఛాపురం మాత్రం గీత దాటి 5 రూపాయల పెంపులోకి వెళ్ళింది.

పేపర్లన్నీ స్వల్ప పెంపు అని రాశాయి. మొత్తంగా చూస్తే స్వల్పమే. కానీ దీంట్లో ఒక మెలిక ఉంది. పాత పట్టికలో దూరం పెరిగేకొద్దీ రేటు తగ్గుతుంది. కొత్తగా కలిపినవి మాత్రం దూరంతో సంబంధం లేకుండా కిలోమీటరుకు ఇన్ని పైసలు. స్లీపర్ బేసిక్‌లో 200 కిలోమీటర్ల దగ్గర రేటు సుమారు 65 పైసలు, దాని మీద 2 పైసలంటే 3 శాతం. రెండు వేలు దాటిన దూరానికి రేటు 36 పైసల దగ్గర, దాని మీద అవే 2 పైసలు దాదాపు ఐదున్నర శాతం. 2020 జనవరి 1 పెంపు కూడా ఇలాగే కిలోమీటరుకు పైసల లెక్కన జరిగింది. 2014 జూన్‌లో 14.2 శాతం పెంచినప్పుడు భారం అన్ని దూరాల మీదా ఒకే నిష్పత్తిలో పడింది. పైసల పద్ధతిలో అలా కాదు, ప్రతి పెంపుకీ దూరం వెళ్ళేవాళ్ళకు ఉన్న తగ్గింపు కొంచెం కొంచెం అరుగుతుంది. వెరావల్ వెళ్ళే మనిషికి 2025 రెండు పెంపులూ కలిపి ఒక వైపుకి 60 రూపాయల పైచిలుకు. రైల్వే దీన్ని కావాలని చేసిందని చెప్పలేం. వరసగా ఇలాగే పెంచుతూ పోతే ఫలితం మాత్రం అదే.

ఈ నిర్మాణం తెలిస్తే టికెట్ తీసేటప్పుడు కొన్ని తప్పులు తప్పుతాయి. మొదటిది, టికెట్‌ను ముక్కలు చేయడం. శ్రీకాకుళం రోడ్ నుంచి సికింద్రాబాద్ బెర్త్ దొరక్క విశాఖ వరకు ఒకటి, అక్కడి నుంచి ఇంకొకటి స్లీపర్ తీస్తే నూరు రూపాయలకు పైగా అదనం. రిజర్వేషన్, సూపర్‌ఫాస్ట్ ఛార్జీలు రెండోసారి పడతాయి, 130 కిలోమీటర్లకు 200 కట్టాలి, దూరపు తగ్గింపు కూడా పోతుంది. అందుకే విశాఖ వరకు జనరల్‌లోనో బస్సులోనో వెళ్ళి అక్కడ బెర్త్ ఎక్కేవాళ్ళే ఎక్కువ.

దీనికి తిరగేసిన ఉపాయం కొందరు చేస్తారు. తాము ఎక్కే స్టేషన్ కన్నా ముందు వచ్చే స్టేషన్ నుంచి టికెట్ తీసి బోర్డింగ్ పాయింట్, అంటే రైలెక్కే చోటు, మార్చుకోవడం. శ్రీకాకుళం రోడ్ నుంచి వెయిటింగ్ లిస్ట్ చూపిస్తూ, పలాస నుంచి బెర్తులు కనిపించినప్పుడు ఇది పనికొస్తుంది. పలాస నుంచి శ్రీకాకుళం రోడ్ దాదాపు 70 కిలోమీటర్లు. విడిగా అయితే ఆ దూరానికి స్లీపర్‌లో 200 కిలోమీటర్ల ధర. హైదరాబాద్ టికెట్‌కి తోకగా కలిపితే ముప్పై, నలభై రూపాయల్లో అయిపోతుంది.

తత్కాల్‌లో కనీస దూరం ఇంకా పెద్దది. స్లీపర్‌కీ, థర్డ్ ఏసీకీ 500 కిలోమీటర్లు. విజయవాడకు విశాఖ నుంచి 350, విజయనగరం నుంచి 411, శ్రీకాకుళం రోడ్ నుంచి 480. తత్కాల్‌లో ముగ్గురికీ ఒకే ధర. స్లీపర్ తత్కాల్ అదనం బేసిక్‌లో 30 శాతం, కనీసం 100, గరిష్ఠం 200 రూపాయలు. సంక్రాంతి ముందు విజయవాడ నుంచి విశాఖకు వచ్చే వ్యక్తి ఎక్కని 150 కిలోమీటర్లకు కూడా కడతాడు. శ్రీకాకుళం దాకా వచ్చేవాళ్ళకు వృథా 20 కిలోమీటర్లే. దూరంగా ఉన్నందుకు దక్కిన అరుదైన లాభం ఇది.

అదే 500 ఇంకో చోట ఎదురు కొడుతుంది. దారిలో ఒక ఊళ్ళో దిగి రెండు రోజుల్లోపు అదే టికెట్ మీద ప్రయాణం కొనసాగించే వీలు దూర ప్రయాణ టికెట్లకు ఉంది. కానీ బయల్దేరిన చోటి నుంచి 500 కిలోమీటర్లు దాటాకే మొదటిసారి దిగాలి. శ్రీకాకుళం రోడ్ నుంచి విజయవాడ 480 కాబట్టి కనకదుర్గమ్మ దర్శనానికి దిగుదామంటే కుదరదు. పలాసలో ఎక్కినవాళ్ళకు కుదురుతుంది.

దారి కూడా ధరను మారుస్తుంది. ఫలక్‌నుమా, విశాఖ ఎక్స్‌ప్రెస్‌లు విజయవాడ దాటాక గుంటూరు, నల్గొండ మీదుగా వెళ్తాయి. ఈస్ట్‌కోస్ట్, గోదావరి కాజీపేట మీదుగా. గుంటూరు దారి ముప్పై కిలోమీటర్లకు పైగా తక్కువ, ఛార్జీ కూడా ఆ మేరకు తగ్గుతుంది. విశాఖ స్టేషన్‌కి వెళ్ళకుండా సింహాచలం నుంచి నేరుగా దువ్వాడ వైపు తిరిగే బండ్లలోనూ కొన్ని కిలోమీటర్లు కలిసొస్తాయి. ఛార్జీని ఐదు రూపాయలకు రౌండ్ చేయడం వల్ల ఒక్కోసారి ఈ తేడా టికెట్ మీద కనిపించదు.

విశాఖ దాకా అయితే రైలుకు అసలు పోటీ బస్సు. శ్రీకాకుళం నుంచి జాతీయ రహదారి రణస్థలం, భోగాపురం, తగరపువలస మీదుగా 110 కిలోమీటర్ల దరిదాపుల్లో విశాఖ చేరుతుంది. పట్టాలు చీపురుపల్లి, విజయనగరం, కొత్తవలస చుట్టి వస్తాయి, అందుకే 130. పైగా శ్రీకాకుళం ఊళ్ళో స్టేషన్ లేదు. ఆముదాలవలస దాకా పది పన్నెండు కిలోమీటర్లు వెళ్ళాలి, వేళకాని వేళ అయితే ఆటోవాళ్ళు అడిగింది ఇవ్వాలి. ప్యాసింజర్ టికెట్ కన్నా ఆటో ఖర్చు ఎక్కువైన ప్రయాణాలు ఇక్కడ మామూలే. 2025 ఆగస్టు 15న స్త్రీ శక్తి పథకం మొదలయ్యాక పల్లెవెలుగు నుంచి ఎక్స్‌ప్రెస్ దాకా ఆర్టీసీ బస్సుల్లో ఆడవాళ్ళకు టికెట్ లేదు. కాబట్టి శ్రీకాకుళం నుంచి విశాఖకు ఒక మహిళ వెళ్ళాలంటే ఎంత చవక రైలైనా బస్సు కన్నా ఖరీదే. మగవాళ్ళకు ప్యాసింజరే ఇప్పటికీ అన్నిటికన్నా చవక. విజయనగరం ఊళ్ళోనే జంక్షన్ ఉండటం వల్ల అక్కడివాళ్ళకు ఈ ఆటో లెక్క లేదు.

కొత్తగా వస్తున్న బండ్లు ఈ పట్టికను రెండు వైపులకూ లాగుతున్నాయి. అమృత్ భారత్ అంతా నాన్ ఏసీ. 2026 జనవరి రేట్ల ప్రకారం దాంట్లో స్లీపర్ 200 కిలోమీటర్లకు 149 రూపాయలు, జనరల్ 50 కిలోమీటర్లకు 36. మామూలు ఎక్స్‌ప్రెస్ కన్నా కొంచెం ఎక్కువ, కనీస దూరాలు మాత్రం పాతవే. వందే భారత్ స్లీపర్ సంగతి అలా కాదు. కనీస దూరం 400 కిలోమీటర్లు. థర్డ్ ఏసీ కిలోమీటరుకు 2 రూపాయల 40 పైసలు, సెకండ్ ఏసీ 3 రూపాయల 10 పైసలు, ఫస్ట్ ఏసీ 3 రూపాయల 80 పైసలు, వీటి మీద జీఎస్టీ. 400 కిలోమీటర్లకు ఎంత రేటో 958 కిలోమీటర్ల హౌరా-కామాఖ్య ప్రయాణానికీ అంతే. దూరం వెళ్తే తగ్గడం అనేదే లేదు. అలాంటి బండి రేపు శ్రీకాకుళం రోడ్ మీదుగా సికింద్రాబాద్ వెళ్తే 830 కిలోమీటర్లకు థర్డ్ ఏసీ జీఎస్టీ కాక 1,992 రూపాయలు. ఇప్పుడున్న సూపర్‌ఫాస్ట్‌లో అదే తరగతి 1,300 దరిదాపుల్లో దొరుకుతోంది. ఆ వందే భారత్ స్లీపర్‌లో విశాఖకు వెళ్దామనుకునే విజయనగరం వాళ్ళు కట్టాల్సింది 400 కిలోమీటర్లకు, 960 రూపాయలు.